నల్లకత్తి దొర క్షమాపణ

గురువారం ఉదయం నల్లకత్తి దొర ఒక ముసలమ్మ ఎదుట మోకాళ్ల మీద కూర్చుని, "తప్పు చేశానమ్మా, క్షమించు" అన్నందువల్ల నగరంలో జనజీవనం స్తంభించిందని తెలియజేయడానికి విచారిస్తున్నాం. కొందరు ఉద్యోగులు ఆ రోజు ఆఫీసుకు వెళ్లలేకపోయారు. వెళ్లినవారు పని చేయలేకపోయారు. పని చేయకపోవడం కొత్త సంగతి కాదని గిట్టనివారు అనవచ్చు గాని, ఆ ఒక్కరోజు మాత్రం వారు నిజమైన దుఃఖంతోనే చేయలేదు.

దొరగారు ఎవరో తెలియని పాఠకులు ఉండరు, ఉన్నా ఒప్పుకోరు. అయినా మర్యాద కోసం మనవి చేస్తున్నాం. ఆయన కొరియా బాణీలో గీసిన ఒక బొమ్మల కథకు నాయకుడు. ఫోనులో వేలితో పైకి తోస్తూ చదవాలి. మేఘాల్లోకి పోయే బురుజు, అంతస్తుకో రాక్షసుడు, మోకాళ్లు దాటిన నల్లకోటు, ఒక కంటి మీద పడే జుట్టు. దొర ఒకసారి స్నేహితుల చేతిలో మోసపోయి చచ్చి, మళ్లీ తన పడుచువయసులోనే కళ్లు తెరుస్తాడు. ఎవరు ఎప్పుడు మోసం చేస్తారో ముందే తెలుసు కాబట్టి, వాళ్లకు ఆ శ్రమ లేకుండా తానే ముందు చేసేస్తుంటాడు. ఈ లోకంలో లేకపోవడం ఒక్కటే ఆయనలో ఉన్న మంచి గుణం.

ఈ మహానుభావుణ్ణి పుట్టించినవాడు టైర్ల దుకాణం పై అంతస్తులో, కిటికీ లేని గదిలో కూర్చుని పనిచేసే ఒక రచయిత. నోట్లో నాలుక లేని మనిషి. అంతకుముందు బడి వాచకాలకు నీతిపాఠాలు రాసేవాడు. 'మిత్రద్రోహం మహాపాపం' అన్న ఆయన పాఠాన్ని పిల్లలు భక్తిగా బట్టీపట్టి, మరిచిపోయిన చోట పక్కవాడి కాగితంలో చూసి రాసేవారు. బొమ్మల కథల కంపెనీ యజమాని ఆయనను పిలిపించి, "మీకు నీతి క్షుణ్ణంగా తెలుసు. దాన్ని బోర్లించండి, చాలు" అని ఉద్యోగమిచ్చాడు.

రచయితకు ఒక అమాయకపు ఆశ ఉండేది. దుర్మార్గుణ్ణి కళ్లకు కట్టినట్టు చూపిస్తే జనం ఛీ కొడతారనీ, చివర్లో వాడికి తగిన శాస్తి చేస్తే తన పాత పాఠమే కొత్త రూపంలో చెప్పినట్టవుతుందనీ అనుకున్నాడు. అందుకని మొదటి భాగంలోనే, తనను చిన్నప్పటినుంచి పెంచిన గురువును దొర బురుజు మెట్ల మీదనుంచి కిందికి తోసేశాడు. ఆ భాగం రాసి రచయిత ఆ పూట అన్నం తినలేకపోయాడు. పాఠకులు మాత్రం, "మెట్ల అంచున నిలబడడం గురువుగారి పొరపాటు కాదా?" అని సహేతుకంగా ప్రశ్నించారు.

చెడ్డతనం చాలలేదేమోనని రచయిత మోతాదు పెంచాడు. రాక్షసులు తరమగా తోటివాళ్లు పరుగెత్తుకొస్తుంటే దొర కోట తలుపు మూసేశాడు. దాన్ని సమయస్ఫూర్తి అన్నారు. గాయపడిన ప్రాణస్నేహితుణ్ణి రాక్షసులకు అప్పగించి, బదులుగా ఒక కవచం తెచ్చుకున్నాడు. ఇక్కడైనా ఎవరో ఒకరు కంటతడి పెడతారని రచయిత ఎదురుచూశాడు. వచ్చిన ఉత్తరాలన్నిటిలో ఒకటే విచారం: అలాంటి కవచం బొమ్మ ఉన్న చొక్కాలు ఎక్కడ దొరుకుతాయి?

అప్పుడు దొర నోట రచయిత ఒక మాట పలికించాడు. "ఎదుటివాడు అడ్డం వచ్చేదాకా ఆగేవాడు మూర్ఖుడు." ఇంత నీచమైన మాట విన్నాక ఎవరికైనా కళ్లు తెరుచుకుంటాయని ఆయన నమ్మకం. తెరుచుకున్నాయి. వ్యక్తిత్వ వికాస నిపుణులు ఆ మాట మీద శిక్షణ తరగతులు పెట్టారు. బస్సు కోసం వరసలో నిలబడ్డవాళ్లు ఆ మాట అనుకుంటూనే ముందున్న ముసలివాళ్లను పక్కకు నెట్టారు. మండుటెండలో నల్లకోట్లు వేసుకుని తిరిగిన యువకులు కొందరు నడిరోడ్డున సొమ్మసిల్లారు. దొర ఎవరి సాయమూ తీసుకోడు కాబట్టి, మొహాన నీళ్లు చల్లబోయినవాళ్లను స్పృహ లేని స్థితిలోనే చీదరించుకున్నారు. ఒకప్పుడు తడిగుడ్డతో గొంతులు కోసేవారు. ఆ తడిగుడ్డలో కాస్త సిగ్గయినా ఉండేది. దొరవారి దయవల్ల ఇప్పుడు గుడ్డ అవసరం తీరిపోయింది.

రచయిత ఇంట్లోనే ఒక పరమభక్తుడు ఉండేవాడు. ఆయన బావమరిది. అక్క ఇంట్లో తింటూ, అక్క ఇంట్లో ఉంటూ, ఎవరి మీదా ఆధారపడకూడదన్న దొర సూక్తిని గోడకు అంటించుకున్నవాడు. "బావా, నువ్వు రాస్తున్నావంటే ఇప్పటికీ నమ్మకం కుదరట్లేదు. ఆయన నీ చేత రాయించుకుంటున్నాడంతే" అనేవాడు. ఇతనూ ఇతని స్నేహితుడూ కలిసి ఫోన్లు బాగుచేసే దుకాణం పెట్టారు. పని వచ్చినవాడు స్నేహితుడు. బావమరిదికి వచ్చింది కోటు వేసుకోవడం. ఒకరోజు స్నేహితుడు జ్వరంతో ఇంట్లో పడుకుని ఉండగా, బావమరిది దుకాణం తాళం మార్చి, బోర్డు మీద అతని పేరు చెరిపేశాడు.

"వాడు నీకేం అన్యాయం చేశాడ్రా?" అని రచయిత అడిగాడు.

"ఇంకా చెయ్యలేదు బావా. చేసేదాకా ఆగమంటావా?"

మర్నాడు ఆ స్నేహితుడే ఇంటికి వచ్చాడు. జ్వరం పూర్తిగా తగ్గలేదు, గడ్డం పెరిగి ఉంది. గుమ్మంలోనే చేతులు పట్టుకుని క్షమాపణ చెప్పబోయాడు రచయిత. అతను ఆపేశాడు.

"ఆ అడ్డం వచ్చే డైలాగు మీరే రాశారటగా అన్నా? అబ్బ, ఎంత బాగా రాశారు! నా ఖర్మ, ఆ భాగం నేను జ్వరం వచ్చాక చదివాను. కాస్త ముందు చదివుంటే తాళం నేనే మార్చేవాణ్ణి."

టీ తాగి, ఫోటో దిగి, వెళ్లిపోయాడు.

ఆ కుర్రాడు వెళ్లాక రచయిత ఖాళీ కప్పు కడిగిపెట్టాడు. మోసపోయినవాడికి కూడా మోసం మీద కోపం లేదు. తనకు వంతు రాలేదనే బాధ. ఆ మధ్యాహ్నమే ఆఫీసుకు వెళ్లి, పైన చెప్పిన క్షమాపణ రాశాడు. దొర బురుజు దిగి, తాను రాక్షసులకు అప్పగించిన స్నేహితుడి తల్లిని వెతుక్కుంటూ పోతాడు. ఆమె కొడుకు కోసం అన్నం వండి పెట్టుకుని కూర్చుని ఉంటుంది. కత్తి గడప బయటే వదిలి, ఆమె ముందు మోకరిల్లుతాడు.

ఆ బొమ్మలు గీయవలసిన ఆవిడ చదివి, మాట్లాడకుండా పని మొదలుపెట్టింది. దొర ఎగతాళి నవ్వులు కళ్లు మూసుకుని గీయగలదు గాని, సిగ్గుపడే మొహం గీయమంటే చెయ్యి సాగలేదు. ఎన్నిసార్లు గీసినా దొర కడుపునొప్పి వచ్చినవాడిలాగే కనిపించాడు. ఆఖరికి, "కాస్త ఇటు తిరగండి సార్. ఆ జ్వరం వచ్చిన అబ్బాయి సంగతి మళ్లీ చెప్పండి" అంది. రచయిత చెబుతూంటే ఆయన మొహం చూసి గీసింది. గీశాక ఆవిడే కళ్లు తుడుచుకుంది.

తరువాత జరిగిన ప్రజాందోళన పాఠకులకు విదితమే. టైర్ల దుకాణం ముందు జనం పోగయ్యారు. ఒక తల్లి ఏడుస్తూ, "మా అమ్మాయి పొద్దున వాచ్‌మన్ కాలు తొక్కి సారీ చెప్పిందండీ! ఇలా పెరిగితే రేపు దాన్ని ఎవరు బతకనిస్తారు?" అని వాపోయింది. దొర అభిమానులు పెట్టుకున్న నల్లకత్తి సేనకు అధ్యక్షుడు ఒక పళ్ల డాక్టరు. నోరు తెరిచిన రోగిని తప్ప ఎవరినీ ఎదిరించి ఎరగడు. ఆయన టైర్ల గుట్ట ఎక్కి ప్రసంగించాడు.

"సోదర సోదరీమణులారా! ఈ రోజు దొర ముసలమ్మకు క్షమాపణ చెప్పాడు. రేపు ఊరందరికీ చెబుతాడు. ఎల్లుండి మనల్ని చెప్పమంటారు! మనం ఎవరెవరికని చెప్పగలం? ఎక్కణ్ణుంచి మొదలుపెట్టగలం?"

ఈ చివరి ప్రశ్నకు సభికులందరూ కాసేపు తలలు వంచుకున్నారు. తరువాత కోపం రెట్టింపైంది.

యజమాని రచయితను గదిలోకి పిలిచాడు. "చిన్న మార్పు చేద్దామండీ. ఆ క్షమాపణ ఉత్తుత్తిదే. ముసలమ్మ కళ్లు తుడుచుకుంటుంటే ఆవిడ అన్నంలో విషం కలిపాడు. అంతే, అందరూ సంతోషిస్తారు."

"నేను రాయలేనండీ" అన్నాడు రచయిత.

"రాయలేరా? రాయరా?"

"రాయను."

జీవితంలో ఆయన అంత పొట్టి మాట ఎప్పుడూ అనలేదు. అన్నాక వెనక్కి తీసుకోబుద్ధి కాలేదు. ఉద్యోగం పోయింది. ఇంటికొచ్చేసరికి బావమరిది కొత్తగా ఇస్త్రీ చేసిన నల్లకోటు తొడుక్కుంటున్నాడు. యజమాని కబురు పెట్టాడట. ఇకపై దొర కథ అతనే రాస్తాడు.

"నీ ఉద్యోగం పోవడం ఎలాగూ ఖాయం కదా బావా, నేను నిన్ననే వెళ్లి కలిసొచ్చాను" అని వినయంగా చెప్పాడు.

వాడు వెళ్లాక భార్య, "దొర చేత క్షమాపణ చెప్పించారు. మా తమ్ముడి చేత చెప్పించలేకపోయారు" అంది. నిష్ఠూరమో నిట్టూర్పో ఆయనకు అర్థం కాలేదు.

ఇంతటితో వదిలేస్తే సేన సేనెందుకవుతుంది? దొర చేత క్షమాపణ చెప్పించినందుకు రచయిత బహిరంగంగా క్షమాపణ చెప్పాలని తీర్మానించారు. క్షమాపణ అనేది మనిషికి పరమ అవమానమని వాదిస్తున్న సంఘమే ఇలా తీర్మానించడంలో వైరుధ్యం ఉందని మీకు తోచవచ్చు. సేనలో ఎవరికీ తోచలేదు. ఆదివారం పెద్ద హాలు తీసుకుని 'క్షమాపణ స్వీకార సభ' ఏర్పాటు చేశారు. రచయిత రాకపోతే ఇంటికే వస్తామన్నారు కాబట్టి ఆయన వచ్చాడు. పక్కన బొమ్మలావిడ కూడా వచ్చింది.

పళ్ల డాక్టరు మైకు అందించాడు.

"చెప్పను" అన్నాడు రచయిత. "ఆ తల్లికి చెప్పాల్సిన మాటే చెప్పించాను. మీకేం తప్పు చేశానని చెప్పాలి? ఏం చేస్తారో చేసుకోండి."

హాలు పైకప్పు ఎగిరిపోయేలా ఈలలు.

"అదీ! మనిషంటే అలా ఉండాలి!"

"తగ్గేదే లేదన్నాడు చూశావా!"

"అచ్చం మన దొరే!"

ఆయన చెప్పింది ఒకటి, వాళ్లు విన్నది మరొకటి. "అది కాదండీ, నేననేది..." అంటున్నవాణ్ణి అమాంతం భుజాల మీదికి ఎత్తుకున్నారు. వెనకవాళ్లు ముందుకు తోసుకొచ్చారు. గోడవార కుర్చీలు సర్దుతున్న నడివయసు మనిషి ఆ తాకిడికి కింద పడ్డాడు. పేర్చిన కుర్చీలు అతని మీద పడ్డాయి.

పైనున్న రచయితకు ఒక్కడికే అది కనిపించింది. "దింపండి! అక్కడ మనిషి పడిపోయాడు!" అని అరిచాడు. జనం దాన్ని కొత్త నినాదమనుకుని, "పడిపోయాడు! పడిపోయాడు!" అని లయబద్ధంగా అందుకున్నారు. ఆయన ఇక లాభం లేదని తనను మోస్తున్న పళ్ల డాక్టరు చెవి మెలిపెట్టి, అతను వంగగానే కిందికి దూకి, మనుషుల్ని మోచేతులతో నెట్టుకుంటూ పోయాడు. ఆ నెట్టడానికి కూడా చప్పట్లు కొట్టారు.

కుర్చీల కింది మనిషి చెయ్యి మోచేతి దగ్గర విరిగి వంకర తిరిగింది. బొమ్మలావిడ తన చున్నీతో కట్టు కట్టింది. ఇద్దరూ కలిసి అతన్ని లేవదీశారు. నొప్పికి పళ్లు బిగబట్టి అతను అన్నాడు: "క్షమించండి సార్. మీ సభ పాడుచేశాను."

క్షమాపణ స్వీకార సభలో వినిపించిన క్షమాపణ అదొక్కటే. దాన్ని స్వీకరించడానికి నిర్వాహకులెవరూ దగ్గర లేరు.

రచయిత, బొమ్మలావిడ అతనితో ఆసుపత్రికి వెళ్లిపోయారు. ఇక్కడ సభ దిగ్విజయంగా ముగిసింది. మరుసటి వారం బావమరిది రాసిన భాగంలో ముసలమ్మ విషం తిని చనిపోయింది. ప్రజలు ఊపిరి పీల్చుకున్నారు. యజమాని రచయితను మళ్లీ రమ్మని బతిమాలినా ఆయన వెళ్లలేదు. దాంతో ఆయన కీర్తి ఇంకా పెరిగింది.

ఈ సంగతి చెప్పిన చోటల్లా జనం రకరకాల ప్రశ్నలు వేస్తున్నారు. బావమరిది ఇంకా అక్క ఇంట్లోనే తింటున్నాడా? యజమాని కంపెనీ ఏమైంది? దొర తరువాత ఎవర్ని చంపుతాడు? అన్నిటికీ ఓపిగ్గా జవాబు చెబుతున్నాం. ఆ విరిగిన చెయ్యి అతుక్కుందా అని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. మీరు అడగబోతున్నారనే అనుకుంటున్నాం. ఎవరూ అడగలేదని మేమే తొందరపడి ముందు చెప్పేశాం.