కొండమీద ఎర్రగీత

దేవనాథన్ ఇంట్లో మంచి రోజు అనుకున్న రోజు మంచిగా గడిచిన దాఖలా లేదు. ఆ శనివారం కూడా తెల్లవారేసరికి అందరూ మంచి రోజే అనుకున్నారు. వకుళాదేవి పులిహోర కలిపి డబ్బాకెత్తింది. దేవనాథన్ దేవస్థానం ఆఫీసుకు సెలవు పెట్టి, ఇస్త్రీ పంచె కట్టి, తిరునామం దిద్దుకున్నాడు. కొడుకు లక్ష్మీనరసింహ ఆయనను రేణిగుంట పక్కనున్న విమానాల బడికి తీసుకుపోవాలి. తాను మొదటిసారి ఒంటరిగా చంద్రగిరి కోట దాకా ఎగిరి వచ్చిన వైనం కంప్యూటర్లో చూపించాలి. మధ్యాహ్నం భోజనానికి ఇల్లు చేరాలి. ఇంతే పథకం.

"ఎగిరి దిగేసిన దాన్ని మళ్ళీ యాడినుంచి చూపిస్తార్రా?" అని దేవనాథన్ ఆటోలో దారంతా అడుగుతూనే ఉన్నాడు.

"విమానంలో చిన్న యంత్రం ఉండాది నాయనా. ఎంత ఎత్తులో పోయినాం, ఏ దిక్కుకు తిరిగినాం, అంతా గుర్తు పెట్టుకుంటాది. దిగినాక కంప్యూటరుకు తగిలిస్తే బొమ్మలో మన విమానం మళ్ళీ ఎగురుతాది. యాడ తప్పు చేసినామో మనమే చూసి దిద్దుకోవచ్చు."

"చేసిన తప్పు మళ్ళీ చూపించే యంత్రమా! చిత్రగుప్తుడి ఉద్యోగం పోయినట్టే" అన్నాడు దేవనాథన్. ఆయన ఆరోజు ఆడిన ఆఖరి హాస్యం అదే.

నరసింహకు ఊహ తెలిసినప్పటినుంచీ విమానం తప్ప మరో ధ్యాస లేదు. వచ్చే గురువారం హైదరాబాదులో లైసెన్సు పరీక్ష. అది గట్టెక్కితే పైలట్. అయితే దేవనాథన్ అతన్ని బడిలో చేర్చేనాడే స్వామి పటం ముందు నిలబెట్టి ప్రమాణం చేయించుకున్నాడు. కొండమీది గుడి పైన ఏ విమానమూ ఎగరరాదనేది ఆ ఇంటి ఆచారం, తాత ముత్తాతల నాటి స్వామి కైంకర్యం వాళ్ళది. "స్వామి నెత్తిమీద కాళ్ళు పెట్టుకుని పోయేవాడు నాకు కొడుకే కాడు. ఆ పని చేసిననాడు విమానం దిగి, నా ఆఫీసులో ఫైళ్ళకు తాళ్ళు కట్టుకుంటా కూర్చోవాల" అన్నాడు. నరసింహ చేతిలో కర్పూరం ఆర్పి మరీ ఒట్టు వేశాడు.

దేవనాథన్‌కు విమానమంటే ద్వేషమేమీ లేదు. అంతకుముందు ఆదివారం బడివాళ్ళు తల్లిదండ్రులను సరదాగా ఒక చుట్టు తిప్పారు. పాఠాలు చెప్పే గంగాధరం, పూర్వం మిలిటరీ విమానాలు నడిపిన మనిషి, దేవనాథన్‌ను పక్కన కూర్చోబెట్టుకుని స్వయంగా తిప్పి తెచ్చాడు. ఆనాటినుంచి దేవనాథన్ కాళ్ళు నేలమీద ఆనలేదు. "గోపురం ఏం మెరుస్తా ఉండాది వకుళా! చెబితే నమ్మవు, దానిమీద వాలిన పావురాల వీపులు గూడా కనిపించినాయి" అని వారంగా ఇంట్లో ఒకటే పారాయణం. వకుళాదేవి ఊఁ కొడుతూ బియ్యంలో రాళ్ళు ఏరుకునేది.

బడిలో గంగాధరం తండ్రీకొడుకులను కంప్యూటరు ముందు కూర్చోబెట్టాడు. అది వచ్చి వారం కూడా కాలేదు. రూపేష్ అనే చిత్తూరు పక్క కుర్రాడు, నరసింహ తోటి విద్యార్థి, కాగితం మ్యాపును కంప్యూటర్లోకి ఎక్కించి అంతా అమర్చి పెట్టాడు.

"ఎగిరేటప్పుడు సగం నేర్సుకుంటాం స్వామీ. దిగి ఈడ కూర్సుని సూసుకునేటప్పుడు మిగతా సగం" అన్నాడు గంగాధరం. "మన కండ్లు అబద్ధం సెబుతాయి గానీ ఇది సెప్పదు."

తెరమీద చిన్న విమానం లేచింది. వెనకాల ఎర్రగీత సాగుతోంది. గంగాధరం పుల్లతో చూపిస్తూ, "ఈ మలుపులో ముక్కు వంచేసి ఎత్తు పోగొట్టుకున్నాడు సూడండి, వీడికిది అలవాటు" అన్నాడు. దేవనాథన్ అర్థమైనట్టు తల ఊపాడు. విమానం పడమరగా పోయింది. పోయి పోయి, నల్లచుక్క పక్కన 'తిరుమల' అని రాసి ఉన్నచోటికి నిదానంగా చేరింది. అక్కడ ఆగక, ఆ చుక్క చుట్టూ గుండ్రంగా తిరగడం మొదలుపెట్టింది.

దేవనాథన్ లేచి నిలబడ్డాడు. కుర్చీ వెనక్కి పడిపోయింది. ఆయన మొదట చెప్పులు విడిచి, చేతులు జోడించి, ఆ తర్వాత గానీ కొడుకు వైపు చూడలేదు.

"చుట్టింది కూడా ఎడమపక్కకురా పాపిష్టీ! అప్రదక్షిణం!"

"నాయనా, నేను చంద్రగిరికే పోయినాను. కోట చుట్టూ తిరిగినాను. ఒట్టు!"

"నీ ఒట్టు సంగతి నాకు తెలిసిందిలే."

నరసింహ దీనంగా గురువు వైపు చూశాడు. గంగాధరం మీసం గీరుకుంటూ, "కంప్యూటరైతే అబద్ధం సెప్పదు మరి" అని నేల చూపులు చూశాడు. పులిహోర డబ్బా మూత తీసినవాడు లేడు.

వాళ్ళు ఇంటికి వచ్చి సంగతి చెప్పాక వకుళాదేవి ఏడవలేదు, తిట్టలేదు. నరసింహ తెల్లచొక్కా, భుజంమీద చారలున్నది, తీసుకుపోయి శుద్ధి అని పసుపునీళ్ళలో ముంచింది. అది ఆరేసరికి పచ్చగన్నేరు పువ్వు రంగుకు తిరిగింది. దాన్ని తీగమీద చూసి పక్కింటి మునిరత్నమ్మ గోడ మీదుగా తల పెట్టింది.

"ఏం వకుళమ్మా, అబ్బాయి చొక్కాకు ఏమొచ్చినాది?"

వకుళాదేవికి అబద్ధం చేతకాదు. ఉన్నది ఉన్నట్టు చెప్పేసింది. అంతే, కొంప మునిగింది.

అది కరువు సంవత్సరం. తిరుపతిలో కొళాయిలు ఎండిపోయి వీధులన్నీ నీళ్ళ ట్యాంకరు కోసం ఎదురుచూస్తున్న కాలం. ఆ వీధికి రావలసిన ట్యాంకరు నాలుగురోజులుగా రావడం లేదు. ఎందుకు రాలేదో అంతవరకు ఎవరికీ తెలియదు. ఇప్పుడు తెలిసిపోయింది. సాయంత్రానికి ఆడవాళ్ళంతా ఖాళీ బిందెలతో దేవనాథన్ ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డారు.

"స్వామి నెత్తిమీద ఎగిరితే వానలు యాడ పడతాయి?" అంది మునిరత్నమ్మ.

"ట్యాంకరు మున్సిపాలిటీది గదమ్మా" అన్నాడు నరసింహ.

"మున్సిపాలిటీ మాత్రం ఎవురిది నాయనా, స్వామిది కాదా?"

నరసింహ లోపలికి వచ్చి, "నేనే మోకాళ్ళమీద కొండెక్కి వస్తా నాయనా" అన్నాడు. చేయని తప్పుకు ఎక్కడమేమిటని అతనికే అనిపించింది గానీ, ఇంట్లో ఎవరో ఒకరు ఏదో ఒకటి చేయకపోతే ఆ రాత్రి గడిచేలా లేదు.

"నువ్వు కాదు. నిన్ను విమానం ఎక్కించింది నేను. నేనే పోతా" అన్నాడు దేవనాథన్. ఆదివారం పొద్దున అలిపిరి నుంచి నడిచి, మోకాళ్ళ మెట్టు దగ్గర నిజంగానే మోకాళ్ళమీద ఎక్కి, సాయంత్రానికి ఎవరో ఇద్దరు భక్తుల భుజాలమీద ఇల్లు చేరాడు. రెండు మోకాళ్ళూ కొబ్బరికాయల్లా వాచి ఉన్నాయి. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. గోడకానుకుని నిలబడే పెరుగన్నం తిన్నాడు.

"స్వామికి మాటిచ్చి వచ్చినాను" అన్నాడు, కొడుకు మొహం చూడకుండా. "కొండమీద ఎగిరినవాడు ఈ జన్మలో మళ్ళీ విమానం ఎక్కడు. రేపే పోయి ఆ టోపీ, ఆ ఇయర్‌ఫోన్లు అన్నీ ఇచ్చేసి రా."

నరసింహ పెరట్లో కూర్చుని ఏడ్చాడు. అన్నిటికన్నా ఘోరం ఏమంటే, అతనికి తనమీద తనకే నమ్మకం పోయింది. చంద్రగిరి కోట గోడలు కళ్ళారా చూశాడు. చూశాడా? కొండ కుడిచేతి వైపు ఉండింది. ఉండిందా? కంప్యూటరు అబద్ధం చెప్పదు. మరి తన కళ్ళే చెప్పాయేమో. ఇట్లాంటి కళ్ళతో ఎగరడం కన్నా ఫైళ్ళు కట్టుకోవడమే లోకానికి క్షేమం అనుకున్నాడు.

సోమవారం సామాను సంచిలో పెట్టుకుని, వేరే చొక్కా ఇస్త్రీలో లేక ఆ పసుపు చొక్కాయే తొడుక్కుని బడికి పోయాడు. అప్పుడే గంగాధరం, రూపేష్ ఇద్దరూ కలిసి చంద్రగిరి దాకా ఎగిరి దిగారు. ముగ్గురూ కంప్యూటరు ముందుకు చేరారు. తెరమీద విమానం లేచింది, పడమరగా పోయింది, తిరుమల చుక్క చుట్టూ ఎడమపక్కగా ఒక చుట్టు చుట్టింది.

గంగాధరం పుల్ల కిందపడింది.

"అబ్బా! ఇప్పుడే గదరా చంద్రగిరి కోట సూసి వచ్చినాం! విమానం నడిపింది నేను! నేను కొండమీదికి పోతినా?"

రూపేష్ మ్యాపును అటూ ఇటూ జరిపి చూశాడు. అతని మొహం మెల్లగా పాలిపోయింది.

"సార్... కాగితం మ్యాపును రెండు చోట్ల మేకులు కొట్టినట్టు కంప్యూటర్లో అతికించాల. ఒక మేకు మన రన్‌వే మీద, ఇంకొకటి చంద్రగిరి మీద. నేను ఏ పని మొదలుపెట్టినా ముందు స్వామికి దండం పెట్టుకుంటా గదా. మ్యాపులో కొండ కనిపించె. బాణం గుర్తు దానిమీద పెట్టి, గోవిందా అని నొక్కినా. ఆ తర్వాత చంద్రగిరి అక్షాంశం, రేఖాంశం లెక్కలు కొట్టినా. అది కొండనే చంద్రగిరి అనుకున్నట్టుండాది."

"ఓరి నీ భక్తి మండా!" అన్నాడు గంగాధరం.

రూపేష్ మేకు మార్చాడు. నరసింహ శనివారం చూసిన తన గీతను మళ్ళీ వేసి చూసుకున్నాడు. విమానం కొండను కుడిచేతి వైపు దూరంగా వదిలి, బుద్ధిగా చంద్రగిరి పోయి, కోట చుట్టూ తిరిగి వచ్చింది. మలుపులో ముక్కు వంచడం మాత్రం అట్లాగే ఉంది. ఆ తప్పును చూసి నరసింహ కళ్ళు తుడుచుకున్నాడు. తన తప్పులు తనకు తిరిగి దొరికాయి. అవి దిద్దుకోదగ్గ తప్పులు.

అతను ఆటోలో ఇంటికి పరుగెత్తి, నాయనను మోసి ఎక్కించి, అమ్మను కూడా పట్టుకొచ్చాడు. దేవనాథన్ కాళ్ళు రెండు కుర్చీలమీద చాచి, సరిచేసిన గీతను కన్నార్పకుండా చూశాడు. అది చంద్రగిరి చుట్టి రన్‌వే మీద దిగగానే కొడుకు చేయి పట్టుకుని గుండెకు హత్తుకున్నాడు.

"తప్పయిపోయింది నాయనా. కన్నకొడుకు మాట కన్నా పాడుయంత్రం మాట నమ్మినాను. పరీక్షకు పో. నా ఆశీర్వాదం ఉండాది."

గంగాధరానికి కూడా కళ్ళు చెమర్చాయి. ఆ ఆనందంలో, "స్వామీ, అంతకుముందు ఆదివారం మీరు నాతో తిరిగింది గూడా ఇందులో ఉండాది. పాత లెక్కలో అయితే అడవిలో యాడనో తిరిగినట్టు సూపించి ఉంటాది. ఇప్పుడు సరిగ్గా సూద్దామా?" అన్నాడు.

"వెయ్యండి, వెయ్యండి" అన్నాడు దేవనాథన్ హుషారుగా.

విమానం లేచింది. ఎర్రగీత పడమరగా, కొంచెం ఉత్తరంగా సాగింది. ఏ అడ్డూ లేకుండా, ఏ వంకరా లేకుండా వెళ్ళి, తిరుమల అని రాసి ఉన్న చుక్కను నడిమధ్యకు కోసుకుంటూ దాటిపోయింది.

దేవనాథన్ కుర్చీలమీది కాళ్ళు దించబోయి, నొప్పికి మళ్ళీ అక్కడే పెట్టేశాడు.

"మీరే గదా స్వామీ..." అన్నాడు గంగాధరం. "ఇంకొంచెం ముందుకు, ఇంకొంచెం ముందుకు అని నా భుజం పట్టి ఊపితిరి. మాటల్లో పడి నేనూ గమనించలా."

"ఆ మ్యాపు మళ్ళీ సరిగ్గా చూడు నాయనా" అన్నాడు దేవనాథన్ రూపేష్‌తో, నీరసంగా.

వకుళాదేవి కొంగు సర్దుకుంది. "మ్యాపు ఎందుకండీ? గోపురం మీది పావురాల వీపులు కనిపించినాయంటిరి గదా. కిందినుంచి చూస్తే పొట్టలు గదా కనిపించేది?"

దేవనాథన్ తల వాల్చేశాడు. నరసింహకు నవ్వు రాలేదు. నాయన మోకాళ్ళు చూస్తే ఏడుపే వచ్చింది. రూపేష్ మెల్లగా, "చెరిపేస్తా స్వామీ. ఒక్క నొక్కుతో పోతాది" అన్నాడు.

"ఈడ చెరిపితే పైన చెరుగుతాదా?" అన్నాడు దేవనాథన్.

తిరుగు ప్రయాణంలో ఆటో వీధి మలుపు తిరిగేసరికి నీళ్ళ ట్యాంకరు ఎదురైంది. మునిరత్నమ్మ బిందె దించి, పసుపు చొక్కాలో ఉన్న నరసింహను చూసి చేతులు జోడించింది. ఎందుకో ఆమెకే తెలియాలి. దేవనాథన్ ఆమె వైపు చూడలేదు. భార్య వైపు వంగి, ఆమెతో మాత్రమే అన్నట్టుగా అన్నాడు.

"ప్రాయశ్చిత్తం అయితే జరిగిపోయింది గదా వకుళా. ఎవరి పాపానికి చేసినామో స్వామికి తెలీదా?"

"తెలుసు గాబట్టే" అంది వకుళాదేవి, "బిడ్డ ఎక్కుతానన్నా వద్దని మిమ్మల్ని ఎక్కించినాడు."