డిలీట్ ఉద్యమం

కడప జిల్లాలో అశ్లీలత అనేదే లేకుండా చేయడానికి బదరీనారాయణ గారు తొంభై రోజుల గడువు పెట్టుకున్నారు. ప్రొద్దుటూరులో బంగారు అంగడి, పార్టీలో పట్టణ అధ్యక్ష పదవి, పైన అశ్లీల నిర్మూలన సమితి. ఇన్ని బరువులు మోస్తూ కూడా ఆయన ప్రతి ఫిర్యాదునూ స్వయంగా వినేవారు. అది రూప అదృష్టం.

రూప డిగ్రీ కాలేజీలో లెక్చరర్. ఎవడో ఆమె ముఖాన్ని ఒక బూతు వీడియోకు అతికించి వదిలాడు. అప్పటికది పదకొండు మంది ఉన్న ఒక్క వాట్సాప్ గ్రూపులోనే తిరుగుతోంది.

"ఆ పదకొండు మందితో తీయించండి సార్. పెట్టినోని నంబరు అర్జీలో రాసినా," అంది. "నిన్న బస్టాండులో ఒకడు నా చెయ్యి పట్టుకున్యాడు. వదలరా అంటే, వీడియోలో గూడా ముందు వద్దనే అంటివి గదా అంటాండాడు. ఆడది వద్దంటే ఔనని అర్థమని నేర్పిచ్చేది ఆ బొమ్మలే సార్. కాలేజీకి పోవాలంటే శానా భయమైతాంది."

బదరీనారాయణ గారి కళ్లు చెమర్చాయి. తుడుచుకుని నియమావళి తెరిచారు. సాక్ష్యం చూడనిదే సమితి ఏ తీర్మానమూ చేయరాదు.

"శివా, ఈ వీడియో మెంబర్లందరికీ పంపించప్పా," అన్నారు ఐటీ కన్వీనర్ శివకుమార్‌తో.

నలభై మంది సభ్యులు. బాధ్యత తెలిసినవాళ్లు గనక రెండేసిసార్లు పరిశీలించారు. జమ్మలమడుగు శాఖ తమకు అందలేదని అలిగింది. పులివెందుల శాఖ క్లారిటీ చాలలేదనీ, హెచ్‌డీ కాపీ కావాలనీ లెటర్‌హెడ్ మీద రాసింది.

వారం తిరిగేసరికి మూడు ఊళ్లలోనూ ఫ్లెక్సీలు లేచాయి. నమస్కారం పెడుతూ నిలువెత్తు బదరీనారాయణ గారు, మూలన రూప ఫోటో. కింద ఎర్ర అక్షరాలు: 'ఈ సోదరి వీడియో ఎవరూ చూడరాదు.'

రూప ఒళ్లు మండిపోయింది. సమితి ఆఫీసు ముందు ఆటో దిగీ దిగకముందే అరిచింది. "నా ఫోటో ఎందుకేసినారు సార్?"

"ఎవరిది చూడకూడదో జనానికి తెలియొద్దా అమ్మా?"

"మరి పెట్టినోని నంబరు పోలీసులకిచ్చినారా?"

"ఎంక్వైరీ లేకుండా ఒక మగోన్ని బజారున పెడితే వాని బతుకేం గావాల తల్లీ?"

ఆ ధర్మబుద్ధికి పక్కనున్నవాళ్లు చప్పట్లు కొట్టారు.

ఆదివారం పులివెందులలో ముగింపు సభ. నంబరు సంగతి సభలోనే తేలుస్తామంటే రూప వెళ్లింది. శాలువా కప్పి ముందు వరసలో కూర్చోబెట్టారు. వీడియోను డిలీట్ చేసినవాళ్లు చేతులెత్తాలని బదరీనారాయణ గారు మైకులో కోరారు.

హాలంతా చేతులే. వెనక కొందరు కుర్చీలెక్కి మరీ ఎత్తారు.

"చూస్తివా అమ్మా, నీకోసం ఎంతమంది డిలీట్ చేసినారో!"

రూప శాలువా లాగి కింద పడేసింది. ఇంతలో, చెయ్యెత్తనివాళ్లు పాతికమంది ఆయన కంటపడ్డారు.

"మీరేందప్పా, ఎత్తలేదు?"

"మాకా వీడియో రానే లేదన్నా."

ఆయన ముఖం వాడిపోయింది. ఉద్యమంలో ఏ ఒక్కరూ వెనకబడటం ఆయనకు గిట్టదు.

"శివా, చెయ్యెత్తనోళ్లందరికీ ఇప్పుడే పంపించు. వాళ్లు గూడా డిలీట్ చేస్తారు."

శివకుమార్ ముందు వరస నుంచి మొదలుపెట్టాడు. రూప చేతిలో ఫోన్ మోగింది.