అంగుళం మాస్టారి తప్పు

ఆ రోజు ఉదయం ఆ ఇంట్లో అనుకున్న పని ఒక్కటే. పదకొండు గంటలకల్లా బొంతను చేతిపనుల దుకాణానికి చేర్చాలి. బొంత ముందుగదిలో బల్ల మీద నాలుగు మడతలతో బుద్ధిగా కూర్చుని ఉంది. దాన్ని కుట్టిన మనిషికి మాత్రం లేచినప్పటి నుంచి ఒక చోట కాలు నిలవడం లేదు.

ఆయన్ను వీధంతా అంగుళం మాస్టారు అంటారు. నలభై ఏళ్లు టైలరు షాపు నడిపారు. మెడలో టేపు లేకుండా గుమ్మం దాటిన రోజు లేదు. షాపు మూసేశాక ముక్కగుడ్డలు ఏరి బొంతలు కుట్టడం మొదలుపెట్టారు, అదీ మిషను మీద కాదు, చేత్తో. "ఇన్నాళ్లూ మిషను తొందర పెడితే కుట్టాను. ఇప్పుడు నా ఇష్టం," అన్నారు. అంతకు మించి కారణం చెప్పలేదు. సూది గుడ్డలో మునిగి తేలుతుంటే ఆయన ముఖంలో కనిపించే నిశ్చింత చూసినవాళ్లకు వేరే కారణం అక్కర్లేదు కూడా.

మొదటి బొంతకు నాలుగు నెలలు పట్టింది. దుకాణంలో పెట్టిన వారానికే అది తిరిగొచ్చింది. కొనడానికి వచ్చినావిడ వెనక్కి తిప్పి కుట్లు చూసి, ఇది మిషను పనే అని తేల్చేసిందట. దుకాణం యజమానురాలు నొచ్చుకుంటూనే చెప్పింది.

"కుట్లన్నీ ఒక్క తీరుగా ఉన్నాయి మాస్టారూ. ఎక్కడో చిన్న తప్పు ఒకటుంటే బాగుండేది. జనం తప్పు చూసి నమ్ముతారు."

మాస్టారు ఇంటికొచ్చి బొంతను బీరువా మీదికి ఎక్కించారు. ఆ పూట భోజనం చేయలేదు. నలభై ఏళ్లలో ఆయన్ను చాలామంది చాలా అడిగారు గానీ, తప్పు చేసి పెట్టమని అడిగినవాళ్లు లేరు.

ఇది రెండో బొంత. ఇది పూర్తయ్యేలోపు ఎడమ కంట్లో పొర వచ్చింది. ఆపరేషన్ అయ్యాక కూడా సూదిలో దారం ఎక్కించేంత చూపు వస్తుందని మాటివ్వలేనన్నాడు డాక్టరు. ముందు రోజు సాయంత్రం ఆఖరి ముడి వేసి, దారం కొరికి, మాస్టారు ఇంట్లో వాళ్లతో అన్నారు.

"దీన్ని కూడా మిషనుదంటే సూది డబ్బాలో పెట్టేస్తాను. ఇక బయటికి తియ్యను."

భార్య, కొడుకు, కోడలు ముగ్గురూ తలొంచుకుని విన్నారు. షాపు మూసిన కొత్తల్లో ఆయన మూడు నెలల పాటు కిటికీ దగ్గర కూర్చుని, దారిన పోయేవాళ్ల చొక్కా భుజాలు జారిపోతున్నాయని దిగులుపడటం వాళ్లు చూశారు. ఆ మూడు నెలలు మళ్లీ రాకూడదని ఎవరికి వారు గట్టిగా అనుకున్నారు. ఎవరికి వారు అనుకోవడంతోనే వచ్చింది చిక్కు.

ఆరింటికి మాస్టారు పాలకు వెళ్లారు. ఆయన వీధి మలుపు తిరగగానే భార్య సూదీ కత్తెరా పట్టుకుని బల్ల దగ్గరికి వచ్చింది. కింది మడత అంచున జానెడు కుట్టు విప్పి, మళ్లీ ఏటవాలుగా వేసింది. చేస్తున్నంత సేపూ గుమ్మం వైపు చూస్తూనే ఉంది. పెళ్లయి ముప్పై ఎనిమిదేళ్లలో భర్తకు తెలియకుండా ఆవిడ చేసిన మొదటి పని ఇదే.

ఏడింటికి మాస్టారు స్నానానికి వెళ్లారు. కోడలు ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షలు చేస్తుంది. ఏ పనికైనా మోతాదు ఉండాలంటుంది. రెండో మడత కొద్దిగా లాగి, నీలం చుక్కల ముక్క ఒక్కటి విప్పి, రంగు వెలిసిన వైపు పైకి వచ్చేలా తిరగేసి కుట్టింది. ఒక్కటి చాలు, రెండోది వేస్తే అతి అవుతుందని తనకు తానే చెప్పుకుని ముడి వేసింది.

ఎనిమిదింటికి మాస్టారు గడ్డం గీసుకుంటున్నారు. కొడుకు రికార్డుల గదిలో గుమాస్తా. పన్నెండేళ్లుగా పాత కాగితాల కట్టలను దబ్బనంతో కుట్టి ఫైళ్లు చేయడమే అతని ఉద్యోగం. కుట్టడమంటే అతనికి తెలిసిన పద్ధతి అదొక్కటే. మూల దగ్గర పైనుంచి పొడిచాడు, కింద తేలిన కొన లాగి గట్టిగా బిగించాడు. అలా రెండుసార్లు చేసి లేచి చూసుకుంటే పని శుభ్రంగానే అనిపించింది. నాలుగు మడతలూ కలిపి కుట్టేశానన్న ఆలోచన అతనికి రాలేదు. ఫైలు విడిపోకుండా ఉండటం మంచి లక్షణమే కదా.

తొమ్మిదింటికి కాఫీల దగ్గర అత్తగారి జడకు ఎర్ర దారప్పోగు అంటుకుని ఉండటం కోడలు చూసింది. అది తన చేతి నుంచే అంటిందనుకుని భయపడి, మాటల్లో పెట్టి తీసేసింది. కొడుకు వేలు చప్పరిస్తుంటే తల్లి అడిగింది.

"వేలికేమైందిరా?"

"గుండుసూది గుచ్చుకుందమ్మా."

"మీ నాన్న గుండుసూదులే వాడరు కదరా, ఇంట్లో ఎక్కడిది?"

అతను కాఫీ గ్లాసు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. అంతలో మాస్టారు లేచారు.

"కాసేపు ఎవరూ ముందుగదిలోకి రాకండి," అని తలుపు వేసుకున్నారు.

బొంతకు వీడ్కోలు చెప్పుకుంటున్నారని బయట ముగ్గురూ కళ్లు తుడుచుకున్నారు. లోపల జరుగుతున్నది వేరు. రాత్రంతా ఆలోచించి, మాస్టారు ఒక తప్పు కుట్టడానికి కూర్చున్నారు. ఆయన జీవితంలో ఇంత కష్టమైన పని రాలేదు. పై మడత నడిమధ్య ఆరు కుట్లు విప్పి, సూదిని పక్కకు పెట్టబోతే చెయ్యి దాన్ని తెచ్చి సరైన చోటే దించింది. విప్పి మళ్లీ వేశారు. మళ్లీ అదే చోటు. చివరికి గుండె రాయి చేసుకుని కళ్లద్దాలు తీసేశారు, గోడ వైపు తిరిగారు, గుడ్డిగా ఆరు కుట్లు వేసి ముడి బిగించారు. వేసింది ఎంత ఘోరంగా ఉందో చూసే ధైర్యం లేక అలాగే సంచిలో పెట్టేశారు.

"అయిపోయింది. పదండి," అన్నారు బయటికొచ్చి. ఎవరినో సాగనంపి వచ్చిన మనిషిలా ఉన్నారు.

సంచి నేను పట్టుకుంటానంటే నేనని ముగ్గురూ పోటీపడ్డారు. చేసిన పని కళ్ల ముందే బయటపడితే అడ్డుపడొచ్చని ఎవరి లెక్క వారిది. నలుగురూ కలిసే దుకాణానికి వెళ్లారు.

అక్కడ యజమానురాలితో పాటు, బొంత కొనడానికి వచ్చిన ఒక నర్సు ఎదురుచూస్తోంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టుంది, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మా వార్డులో మూడొందల దుప్పట్లున్నాయండీ," అంది మాస్టారితో. "అన్నిటికీ నంబర్లే. ఏది ఎవరికి కప్పినా ఒకటే. ఇంటికెళ్లాక నేను కప్పుకునేది మాత్రం ఒక మనిషి కూర్చుని కుట్టిందై ఉండాలి. నాకంతే చాలు."

మాస్టారు సంచి ముందుకు జరిపారు. యజమానురాలు బొంత తీసి విదిలించింది. అది తెరుచుకోలేదు. ఇంకోసారి విదిలించింది. ఒక మూల కట్టేసిన మేకలా అక్కడే ఆగిపోయింది. కొడుకు తల పైకెత్తి ఫ్యాను చూస్తూ నిలబడ్డాడు. ఎలాగో మూడు వైపులు పరిస్తే, ఏటవాలు కుట్టు బయటపడింది. ఆ పక్కనే వెలిసిపోయిన ముక్క కనబడింది.

యజమానురాలి ముఖం వాడిపోయింది.

"ఇన్ని తప్పులేంటి మాస్టారూ. ఇప్పుడు ఫ్యాక్టరీల వాళ్లు కూడా కావాలని వంకర కుట్లు వేయించి చేతిపని అంటున్నారు. చూసినవాళ్లు దీన్నీ అదేననుకుంటారు."

నర్సు బొంత మీది నుంచి చెయ్యి తీసేసింది.

ఆ తీసేయడం చూసి మాస్టారి భార్య ఇక ఆగలేకపోయింది. "నేనేనండీ. ఒక్క జానెడే," అంది. "నేను కూడా మామయ్యా," అంది కోడలు. కొడుకు ఫ్యాను వైపే చూస్తూ, "ఆ మూల నాది నాన్నా," అన్నాడు.

మాస్టారు ఎవరినీ కసరలేదు. కళ్లద్దాలు పెట్టుకుని బొంత మీదికి వంగారు.

"నువ్వు చెప్పక్కర్లేదు," అన్నారు భార్యతో. నర్సు వైపు తిరిగి, "మా ఆవిడది ఎడమచేతి కుట్టమ్మా. నా చొక్కా గుండీలన్నీ ఇలాగే వాలి ఉంటాయి. ఈ ముక్క మా కోడలు వేసింది. దేనికైనా మూడు చుట్లు లెక్కపెట్టి ముడి వేస్తుంది, సామాన్ల మూటకైనా సరే," అన్నారు. మూలను చేతిలోకి తీసుకున్నారు. "ఇది కుట్టు కాదు, ఫైలు. మా వాడికి నేను నేర్పలేదు. నేర్పాల్సింది."

నర్సు మెల్లగా వచ్చి ఏటవాలు కుట్టు మీద వేలు పెట్టింది.

"ఇవేవీ విప్పకండి. నేనిదే తీసుకెళ్తాను."

"ఫైలు విప్పాలమ్మా, కప్పుకోవడానికి రాదు."

"నాది ఒక్క ముడైనా ఉంచండి నాన్నా," అన్నాడు కొడుకు. ఉంచారు.

అప్పుడు మాస్టారు, నిజం దాచి వస్తువు ఇవ్వడం ఇష్టంలేక, తలొంచుకుని చెప్పారు. "నేనూ ఒక తప్పు వేశానమ్మా. ఆరు కుట్లు. నడిమధ్యన. అది మాత్రం విప్పి ఇస్తాను, నా చేతి మీద మచ్చ ఉండకూడదు."

నడిమధ్యన చూశారు, కనబడలేదు. కోడలు కూర్చుని వరుసవరుసా లెక్కపెట్టింది. యజమానురాలు భూతద్దం తెచ్చింది. మాస్టారు మెడలోంచి టేపు తీసి కుట్టుకీ కుట్టుకీ మధ్య దూరం కొలిచారు. అరగంట గడిచినా, గోడ వైపు తిరిగి గుడ్డిగా వేసిన ఆ ఆరు కుట్లు మిగతా వేల కుట్లలో ఏవో ఎవరూ చెప్పలేకపోయారు. యజమానురాలు భూతద్దం కింద పెట్టి, బీరువా మీదున్న మొదటి బొంతను కూడా రేపు తెచ్చేయమంది.

మాస్టారు టేపు మళ్లీ మెడలో వేసుకున్నారు. మనసు కుదుటపడిందో, ఇంకా చిన్నబుచ్చుకునే ఉన్నారో ఇంట్లో వాళ్లకు అంతుపట్టలేదు. గుమ్మం దగ్గర ఆగి నర్సుతో అన్నారు.

"ఎప్పుడైనా అది కనబడితే కబురు పెట్టమ్మా, వచ్చి సరిచేస్తాను."

ఏడాది దాటింది, ఆవిడ దగ్గర్నుంచి ఇంతవరకు కబురు లేదు.