ఎదురుగానే ఆస్పత్రి!

కొత్తగా మా నాందేడ్‌కు వచ్చేవాళ్లందరికీ ఒక శుభవార్త. మా వీధిలో రోడ్డు దాటుతూ మీరు ప్రమాదంలో పడే అవకాశమే లేదు. ఎందుకంటే మీరు రోడ్డు దాటలేరు!

నవ్వకండి. లోకంలో ప్రమాదాలన్నీ మనిషి ఇటు నుంచి అటు పోవాలనుకోవడం వల్లే వస్తున్నాయి. ఇటువాడు ఇటే, అటువాడు అటే ఉండిపోతే అంబులెన్సులతో పనేముంది? ఈ సత్యం ఎరిగిన మహానుభావులెవరో మా ఇంటి ముందు రోడ్డుకు సరిగ్గా నడుమన, ఛాతీ ఎత్తున ఇనుప రెయిలింగ్ వేయించారు. పచ్చరంగు కూడా కొట్టించారు. చూడటానికి ఎంతో ముచ్చటగా ఉంటుంది.

మా వీధివాళ్లకు మాత్రం విశ్వాసం లేదు. ఎదుటి దుకాణంలో పాలప్యాకెట్ కొనాలంటే ఎక్కడో చౌక్ దాకా నడిచి, మలుపు తిరిగి, మళ్లీ అంత దూరం వెనక్కి నడవాలట. నడవడానికి ఫుట్‌పాత్ లేదట! లేకేం? ఉంది. దాని మీద పండ్ల బండ్లు, మోటార్ సైకిళ్లు, మూతలేని ఒక మురుగు మోరీ ఉన్నాయి. వాటిని కాదని మీకు చోటివ్వాలా? మీరు ఇవాళ ఉండి రేపు పోయేవాళ్లు!

నేను రైల్వేలో పనిచేసి ఈ ఊళ్లోనే స్థిరపడ్డవాణ్ని. ఈ ఊరి మీద నాకున్న నమ్మకం అంతా ఇంతా కాదు. అందుకే మా బావ జగదీశ్వర్‌కు హెర్నియా ఆపరేషన్ చెయ్యాలన్నప్పుడు, బోధన్ నుంచి ఇక్కడికే రమ్మని పట్టుబట్టాను. "మా ఇంటికి ఎదురుగానే ఆస్పత్రి. గేటు తీస్తే అదే!" అని ఫోన్లో చెప్పాను. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.

బావను ఆస్పత్రిలో చేర్చిన మొదటిరోజు మధ్యాహ్నం మా అక్క ఆండాళ్ వేడివేడిగా అన్నం, పప్పు డబ్బాలో సర్దుకుని గేటు తీసింది. ఆస్పత్రి కనిపించింది. రెండో అంతస్తులో కిటికీ పక్క మంచం మీద కూర్చున్న బావ కూడా కనిపించాడు. ఆయన చెయ్యి ఊపాడు. అక్క డబ్బా ఊపింది. ఆ తర్వాత రెయిలింగ్ వంక చూసింది.

"ఇప్పుడెట్ల పోవాల్రా తమ్మీ?"

"ఆటో ఎక్కక్కా."

"ఎదురింటికి ఆటోనా? నీ అకల్ ఏడ పోయింది రా!"

ఎక్కక తప్పలేదు. షేర్ ఆటో నిండితేగాని కదలదు కదా, ఆటో నడిపే మారోతి తాపీగా కేకలు వేస్తూ జనాన్ని నింపుకున్నాడు. ఎక్కడికని అడిగితే అక్క వేలు పెట్టి ఎదురుగా చూపించింది. మారోతి ఆశ్చర్యపోలేదు. ఆటోలో ఎవరూ నవ్వలేదు. ఎందుకు నవ్వుతారు? అందులో సగం మంది పోవాల్సింది ఎదుటికే!

కొత్త ఊళ్లో ఒంటరిగా ఆటో ఎక్కే ఆడవాళ్లకు ఫోన్లలో ఎన్ని సలహాలు వస్తాయి! బండి నంబర్ రాసుకోండి, లొకేషన్ షేర్ చెయ్యండి, అపరిచితులతో మాట్లాడకండి. మా షేర్ ఆటోలో అవేవీ అక్కర్లేదు. అపరిచితులే మీతో మాట్లాడతారు. ఏ ఊరు, ఎంతమంది పిల్లలు, హెర్నియా కుడివైపా ఎడమవైపా, బోధన్‌లో డాక్టర్లు లేరా... చౌక్ దగ్గర మలుపు తిరిగేలోపు మా అక్క చరిత్ర ఆటో మొత్తానికి కంఠతా వచ్చేసింది. ఇంత కాపలా ఏ కెమెరా కాస్తుంది? డబ్బా చేరేసరికి అన్నం చల్లారిపోయిందంటారా? మంచిదే! వేడి అన్నం తిని నాలుక కాల్చుకునే ప్రమాదం కూడా తప్పింది.

కానీ మా అక్కకు బావ చల్లటి అన్నం తినడం నచ్చలేదు. ఆవిడ ఖిడ్కీ దారి పట్టింది.

ఖిడ్కీ అంటే రెయిలింగ్‌లో ఎవరో పుణ్యాత్ములు రెండు ఊచలు వంచి చేసిన సందు. వంగి, తల ముందు పెట్టి, ఒక కాలు ఎత్తి, ఒళ్లు ముడుచుకుని దూరాలి. అయితే ఎవరంతట వాళ్లు దూరరు. దానికో పద్ధతుంది. ఆస్పత్రిలో మనుషులున్నవాళ్లంతా మధ్యాహ్నం డబ్బాలు పట్టుకుని రోడ్డు పక్కన పోగవుతారు. తగినంత మంది అయ్యాక ఒకరి చెయ్యి ఒకరు పట్టుకుని దండలాగా దిగుతారు. ముందున్నవాళ్లు చెయ్యెత్తి బండ్లను ఆపాలి.

ఆ రోజుల్లో దండకు నాయకురాలు అనుసూయాబాయి. కిన్వట్ పక్కన గోకుంద నుంచి కోడలి కాన్పుకు వచ్చింది. మా అక్క వెనకడుగు వెయ్యడం చూసి దగ్గరికి తీసింది.

"బుగులు పడకు చెల్లె, నా చెయ్యి ఇడువకు. బండ్ల దిక్కు చూడకు, ముందలికి చూడు. మనం చూస్తే వాడు ఆగడు, చూడకుంటే ఆగుతడు."

తర్వాత రోడ్డు వైపు తిరిగి, "చలా, చలా!" అని ఒక్క కేక వేసింది. ఎంత క్రమశిక్షణ! ఎంత ఐకమత్యం! జీబ్రా గీతలు గీసిన ఊళ్లలో మనుషులు ఇట్లా చేతులు పట్టుకుని నడవగా ఎప్పుడైనా చూశారా? మా రెయిలింగ్ లేకపోతే బోధన్‌కూ గోకుందకూ చుట్టరికం కలిసేదా?

అంతా బాగుంది. బావ బీపీ ఒక్కటే బాగాలేదు.

పొద్దున చూస్తే మామూలుగానే ఉంటుంది. మధ్యాహ్నం నర్సు ప్రతీక్ష వచ్చి చేతికి పట్టీ కట్టేసరికి బీపీ ఎగిరి కూర్చుంటుంది. మాత్ర మార్చారు. మోతాదు పెంచారు. ఉప్పు మానిపించారు. మధ్యాహ్నం కాగానే మళ్లీ అదే. బీపీ దిగితేగాని ఆపరేషన్ చెయ్యరు. నొప్పి పెరుగుతోంది. ఇంకా ఆలస్యమైతే పేగు ఇరుక్కుని ప్రాణం మీదికి వస్తుందని డాక్టర్ గారు చెప్పారు.

"కాకా, కుచ్ టెన్షన్ హై క్యా?" అని డాక్టర్ అడిగారు.

"నాకేం టెన్షన్ సాబ్! మంచిగున్న," అన్నాడు బావ, కిటికీలోంచి చూపు తిప్పకుండా.

ఆ చూపు వెంట నేనూ చూశాను. కింద ఖిడ్కీలో నుంచి ఒక తల, మా అక్క డబ్బా, ఒక చీర చెంగు బయటికి వస్తున్నాయి. చెంగు ఊచకు చిక్కుకుంది. అవతల ఒక లారీ హారన్ కొడుతోంది. బావ మంచం పట్టీని రెండు చేతులా పట్టుకున్నాడు. ప్రతీక్ష అప్పుడే బీపీ మిషన్ తెచ్చింది.

అదృష్టం ఏమిటంటే, మర్నాడే కిటికీ వైపు గోడకు సున్నం వెయ్యడానికి పనివాళ్లు వచ్చారు. బావ మంచాన్ని వార్డులో అవతలి మూలకు జరిపారు. అక్కడ కిటికీ లేదు. మధ్యాహ్నం ఆయన అక్కను అడిగిన మొదటి మాట, "ఎట్లచ్చినవే?"

మా అక్క డబ్బా మూత తీస్తూ, "రోడ్డు మీద మెట్ల బ్రిడ్జి ఏసిండ్రు. నిమ్మలంగ నడుసుకుంట అచ్చిన," అంది.

"రాత్రికి రాత్రేనా?"

"పెద్ద ఊరాయె. ఏసిండ్రు మరి."

బావ నమ్మాడు. బీపీ దిగింది! రెండు పూటలు చూసి డాక్టర్ ఆపరేషన్ చేసేశారు.

పాఠకులారా, చూశారా ఈ ఊరి వైద్యం? బీపీకి మందు మాత్రలో లేదు, మంచం జరపడంలో ఉంది. రోడ్డు కనపడకుండా కూర్చుంటే ఎవరి ఆరోగ్యమైనా భేషుగ్గా ఉంటుంది. మన రోడ్ల ప్లాన్లు గీసేవారు, రెయిలింగులు మంజూరు చేసేవారు ఎంత నిబ్బరంగా ఉంటారో గమనించారా? వాళ్ల గదుల కిటికీలు ఎటు తెరుచుకుంటాయో ఎవరైనా కనుక్కుంటే బాగుండు.

డిశ్చార్జి రోజున డాక్టర్ గారు జాగ్రత్తలు చెప్పారు. వంగకూడదు. కాలెత్తి దేన్నీ దాటకూడదు. ఎక్కువ దూరం నడవకూడదు. ఆటో కుదుపులు అసలే పడకూడదు. నేను శ్రద్ధగా విన్నాను. మా ఇంటికి చేరడానికి ఉన్న దారులన్నీ ఆయన వరసగా చెప్పేశారు.

గేటు దగ్గర బావ ఆగాడు. ఎదురుగా మా ఇల్లు. మా మెట్ల మీద ఆరేసిన తువ్వాలు కూడా కనిపిస్తోంది. ఆయన రోడ్డు ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూశాడు.

"బ్రిడ్జి ఏదే?"

మా అక్క చీర చెంగు సర్దుకుంది. బావ ఖిడ్కీని చూశాడు, దానికి వేలాడుతున్న చీర పీలికలను చూశాడు, తర్వాత మా అక్కను చూశాడు. ఆయన కళ్లు తడి అయ్యాయి.

"మొన్నటి లెక్కనే గిండ్లకెల్లి అచ్చినవా రోజూ?" అని, నా వైపు తిరిగి, "బామ్మర్దీ, నా మంచం ఇంక ఖాళీగనే ఉన్నదేమో అడుగు," అన్నాడు.

నేను లోపలికి వెళ్లి అడిగాను. ఖాళీగా లేదు. భార్యకు డబ్బా తెస్తూ ఖిడ్కీ దగ్గర స్కూటర్ కింద పడి కాలు విరిగిన ఒకాయనను అప్పుడే ఆ కిటికీ లేని మూల మంచంలో పడుకోబెట్టారు.

ఆయన బీపీ మాత్రం నార్మల్‌గా ఉందని ప్రతీక్ష చెప్పింది.