భూమయ్య మునిమనవలు

"ప్రజల కోసం ప్రాణాలర్పించిన త్యాగధనుల వంశీకులకే ఈసారి అసెంబ్లీ టికెట్లలో ప్రథమ తాంబూలం" అని పార్టీ ప్రకటించింది. చాలా గొప్ప ఆదర్శం. ఆ మర్నాటి నుంచే హుజూరాబాదులో చచ్చిపోయిన తాతలకు గిరాకీ పెరిగింది.

తాలూకా పార్టీ అధ్యక్షుడు, బట్టల వ్యాపారి అంతయ్య సేటుకు మాత్రం అన్నం సయించలేదు. ఆయనకు అన్నీ ఉన్నాయి. దుకాణం ఉంది, జీపు ఉంది, గంజి పెట్టిన ఖద్దరు ఉంది. లేనిదల్లా పనికొచ్చే ముత్తాతే. ఉన్న ముత్తాత జాగీర్దారుకు హుక్కా నింపి, తొంభై ఏళ్లు హాయిగా బతికి, జలుబు చేసి పోయాడు. ముందుచూపు లేని ఆ మనిషి మీద అంతయ్యకు ఒళ్లు మండింది.

వెంటనే కైలాసాన్ని పిలిపించాడు. కైలాసం ఊరూరా బొమ్మల పటం విప్పి, అంతయ్య కులంవాళ్లయిన సాలెవాళ్ల ఇంటింటి వంశాలూ పాడి చెప్పే కులకథకుడు.

"ఎసొంటి తాత గావాలె సేటూ?" అని అడిగాడు కైలాసం, పటం విప్పుతూ.

"ఉరిబడ్డోడు ఉన్నడా?"

"లేడు. పులిని సంపినోడు ఉన్నడు."

"పులులకు ఓట్లున్నయా? ఇంకోణ్ని జూపియ్యి."

"మగ్గం పన్ను కట్టనని ఎదురుతిరిగి, జాగీర్దారు కొరడా దెబ్బలకు పానమిడిసిన భూమయ్య ఉన్నడు. గని ఆయన సాలెవాడల కొండల్‌కు ముత్తాత."

"నాక్కూడ ముత్తాతనే. జర యాదికి తెచ్చుకో."

కైలాసం జర యాదికి తెచ్చుకున్నాడు. భూమయ్యకు చిన్నప్పుడే తప్పిపోయిన కొడుకొకడు ఉన్నట్టు, అతనే అంతయ్య తాత అయినట్టు సాయంత్రానికల్లా కథ తేలింది. మర్నాడే 'వీర భూమయ్య మునిమనవడు అంతయ్య' అని కరపత్రాలు పంచారు.

ఊళ్లో టికెట్ ఆశించే కులపెద్దలు ఇంకా ఉన్నారు. వాళ్లేమైనా గాలికి పుట్టారా? రైస్‌మిల్లు యజమాని భూమయ్యకు స్వయానా మనవడయ్యాడు. బీడీల కాంట్రాక్టరు ఇంకో తప్పిపోయిన కొడుకు ద్వారా వంశంలోకి వచ్చాడు. పదిహేను రోజుల్లో భూమయ్యకు పిల్లలు చాలక మరో రెండు పెళ్లిళ్లు చేయాల్సి వచ్చింది.

భూమయ్య చిత్రపటం ఆవిష్కరించి, అభ్యర్థి పేరు ప్రకటించడానికి మంత్రిగారు విచ్చేశారు. వేదిక నిండా మునిమనవలే. మంత్రిగారు దండ పట్టుకొని అంతయ్య వైపు ఒక అడుగు వేశారు. అంతయ్య మెడ ముందుకు చాచాడు.

సరిగ్గా అప్పుడే తడిబట్టలతో కొండల్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు.

"అంతయ్యన్నా, నన్ను గన్న అవ్వ కనకవ్వ పొద్దుగాల సచ్చిపోయింది. పాడె మొయ్య నలుగురు గావాలె. మన పాలోళ్లంత మగ్గాల పనికి షోలాపూర్, భీమండి పోయిన్రు. ముగ్గురమే ఉన్నం. కరపత్రం జూసి ఆశతోని అచ్చిన. ఒక్క భుజం ఇయ్యుండ్రి."

జనంలోంచి ఒక ముసలాయన లేచాడు. "అయితె వీళ్లందరికి పది రోజుల మైల గదా! దండలెట్ల ఏసుకుంటరు?"

మంత్రిగారి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. "మైలలో ఉన్నవారి పేరు ప్రకటిస్తే పార్టీకి అశుభం. మైల ఎవరెవరికి ఉంది?" అన్నారు, ఒక అడుగు వెనక్కి వేసి.

ఏడు తరాల లోపు పాలివాళ్లకే, అంటే దాయాదులకే, పది రోజుల మైల. అది దాటితే తలస్నానంతో సరి. ఆ సంగతి వేదిక మీద అందరికీ ఒకేసారి గుర్తొచ్చింది.

"కైలాసం! నేను భూమయ్యకు ఎన్నో తరం?" అని కేకేశాడు రైస్‌మిల్లు యజమాని.

"మనుమడివి గద పటేలా, రెండో తరం."

"మంచిగ లెక్కవెట్టు! ఎనిమిదో తరం గాదూ?"

"నన్ను తొమ్మిదిల ఎయ్యి!" అన్నాడు బీడీల కాంట్రాక్టరు.

ఒకరినొకరు తోసుకుంటూ అందరూ భూమయ్యకు దూరం జరిగారు. అంతయ్య ఒక్కడే జరగలేకపోయాడు. 'మునిమనవడు' అన్న కరపత్రం జనం చేతుల్లోనే ఉంది. కింద కొండల్ చేతులు జోడించి ఆయన వైపే చూస్తున్నాడు. అంతయ్యకు నిజంగానే సిగ్గేసింది. దిగి పోదామనిపించింది కూడా. కానీ దండ చాలా దగ్గరగా ఉంది.

మైకు అందుకున్నాడు.

"సోదరులారా! మా ముత్తాత ప్రజల కోసం పానం త్యాగం జేసిండు. ఆయన రక్తం నాది! అందుకే గా ప్రజల కోసం నేను ఇయ్యాల మా ముత్తాతనే త్యాగం జేస్తున్న! ఇగ ఆయన నాకేం గాడు!"

చప్పట్లతో పందిరి ఊగింది. మంత్రిగారు కళ్లు తుడుచుకున్నారు. "ప్రాణాలు త్యాగం చేసినవాళ్లను చూశాం. ముత్తాతను త్యాగం చేసిన మహనీయుణ్ని ఈనాడే చూస్తున్నాం!" అంటూ దండ మెడలో వేసి, అభ్యర్థిగా అంతయ్య పేరు ప్రకటించారు. రైస్‌మిల్లు యజమాని ఈ ఉపాయం తనకు తట్టనందుకు నాలుక కరుచుకున్నాడు. కొండల్ ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరూ చూడలేదు.

ఊరేగింపు ముగిశాక అంతయ్య జీపు దిగి, తన అనుచరుడు సాంబయ్యను పక్కకు పిలిచాడు.

"కైలాసాన్ని తోల్కరా. రేపటి సంది ప్రచారం. భూమయ్యను మళ్ల మనింట్లకు తేవాలె."

"కైలాసం లేడు సేటూ. కనకవ్వ పాడె మొయ్యవోయిండు."

"వాడెందుకు మోస్తడు? వాడేమన్న పాలోడా?"

"నేనూ గదే అడిగిన. నలుగురు గావాలె గద అన్నడు."