చీమలు మెచ్చిన అధ్యక్షుడు

మనిషి అడుగుపెట్టని ఒక పెద్ద అడవిలో పంచాయతీ అధ్యక్షుడిని పాదం కొలిచి ఎన్నుకునేవారు. ఎవరెంత పని చేశారో కొలవడం కష్టం, పాదం కొలవడం తేలిక. స్నానాలు మానుకుని సమావేశాలకు రాలేమని ఏనుగులు ముందే చెప్పేశాయి. పోటీ మిగతావాళ్ల మధ్యే.

బొద్దులయ్య అనే ఎలుగుబంటి రెండుసార్లు అడవిదున్న చేతిలో రెండంగుళాల తేడాతో ఓడిపోయాడు. పోతే పోయింది, అన్నం తిని పడుకోమంది భార్య నల్లమ్మ. అతనికి నిద్ర పట్టలేదు.

పంచాయతీ గుమాస్తా తోకారావు అనే కొండముచ్చు ఒక వేరు పట్టుకొచ్చాడు. అది నమిలితే ఒంట్లో పెరుగుదల హార్మోన్ పొంగుతుందని, పెద్దవాళ్లు కూడా పిల్లల్లా ఎదుగుతారని చెప్పాడు. గెలిచాక తన ఉద్యోగం తీయకపోతే చాలన్నాడు.

ఏడాది తిరిగేసరికి బొద్దులయ్య పాదాలు చేటలంత అయ్యాయి. దవడ ముందుకు పొడుచుకొచ్చింది. ముక్కు దోసకాయంత అయింది. పొట్ట మాత్రం మాయమైంది. కొవ్వంతా కరిగి చర్మం వదులు చొక్కాలా వేలాడింది. సన్నబడ్డానని మురిసిపోయాడు, ఎన్నికలోనూ గెలిచాడు.

గెలిచాక ఎంత తిన్నా ఆకలే, ఎంత తాగినా దాహమే. సమావేశం మధ్యలో పదిసార్లు పొదల చాటుకు వెళ్లేవాడు. వెళ్లిన చోటల్లా చీమలు బారులు తీరేవి. తోకారావు వాటిని కార్యకర్తలుగా రాసుకున్నాడు. నెల తిరగకుండానే లెక్క రెండు లక్షలు దాటింది. ఇంత అభిమానం ఎవరికుందని బొద్దులయ్య కళ్లు తుడుచుకున్నాడు.

ఒకరోజు ప్రసంగిస్తూనే కళ్లు తిరిగి పడిపోయాడు. నల్లమ్మ అతన్ని వీపున మోసుకుని వైద్యురాలు కూర్మమ్మ దగ్గరికి పరుగెత్తింది. ఆ తాబేలు రోగి కంటే ముందు, వెనకాలే వస్తున్న చీమల్ని చూసింది.

"ఇవి నీ మాటకు రాలేదు నాయనా, నీ మూత్రంలో చక్కెరకు వచ్చాయి," అంది.

బొద్దులయ్య వేరు సంగతి చెప్పి, ఒంట్లో కొవ్వే లేనివాడికి షుగరేమిటని వాదించాడు.

"కొవ్వంటే ఊరికే పడుండే మూట అనుకున్నావా? కడుపు నిండింది, ఇక చాలు అని మెదడుకు కబురు పంపేది అదే. దాన్ని కరిగించేశావు, కబురు ఆగింది. పైగా ఆ హార్మోన్ ఎక్కువైతే ఇన్సులిన్ మాట కండలు వినవు. తిన్న తేనె కండల్లోకి పోక నెత్తురులోనే తిరుగుతోంది."

ఇంకో నెల ఆ వేరు నమిలితే తన వల్ల కాదని కూడా చెప్పింది. నల్లమ్మ ఆ చేటంత పాదాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ఆమె మొహం చూసి బొద్దులయ్య వేరు పారేశాడు.

నెమ్మదిగా పొట్ట తిరిగొచ్చింది. దాహం తగ్గింది. పెరిగిన దవడా పాదాలూ మాత్రం అలాగే ఉండిపోయాయి. చీమలు ఒక్కటీ మిగలకుండా పనసచెట్టు వైపు వెళ్లిపోయాయి.

మరుసటి సమావేశంలో తోకారావు లేచి, రెండు లక్షల మంది కార్యకర్తలు అధ్యక్షుడిని విడిచిపెట్టారని ప్రకటించాడు. అవిశ్వాస తీర్మానం చప్పట్లతో నెగ్గింది. పాదం కొలిచే ఊసు ఎవరూ ఎత్తలేదు.

బొద్దులయ్య ఇంటికొచ్చి ఇప్పపూలు తిన్నాడు. సగంలోనే ఆకు పక్కకు నెట్టి చాలన్నాడు. నల్లమ్మ నమ్మలేక ఇంకోసారి అడిగింది. మళ్లీ చాలన్నాడు.

నీతి: అభిమానులు తగ్గకూడదనుకునే నాయకుడు షుగరు తగ్గించుకోకూడదు.