నజ్మీన్ పేరు మీద ఆరు పులులు

ఆ ఉదయం వాసిం వేసుకున్న పథకం చాలా చిన్నది. గుంటూరు నుంచి మామగారు వస్తారు, పెసరట్టు తింటారు, అల్లుడి వ్యాపారం చూసి అప్పిస్తారు, మధ్యాహ్నం బస్సుకి వెళ్లిపోతారు. ఇబ్బందల్లా ఒక్కటే. ఆ వ్యాపారంలో చూడటానికి ఏమీ లేదు.

అద్దంకిలో ఓ మేడ మీద రెండు గదుల అద్దె ఇంట్లో కూర్చుని వాసిం ఫోన్లో పులి బొమ్మలు అమ్ముతాడు. చేలో నిలబెడితే కోతులు రావు. ఆర్డర్ వాసింకి వస్తుంది, బొమ్మ సూరత్ నుంచి నేరుగా రైతు ఇంటికి పోతుంది.

"సరుకు మనది కాదు, గోడౌన్ మనది కాదు, లారీ మనది కాదు," అని భార్యకు ఒకసారి గర్వంగా చెప్పాడు.

"మరి డబ్బు?" అంది నజ్మీన్.

"అదీ ఇంకా మనది కాలేదు. కొరియర్ వాళ్ల దగ్గరుంది."

సూరత్ సేటు ముందు డబ్బిస్తేనే బొమ్మ పంపుతాడు. రైతు బొమ్మ చేతికొచ్చాకే డబ్బిస్తాడు. ఆ డబ్బుని కొరియర్ కంపెనీ పది రోజులు నానబెట్టి పంపుతుంది. ఇరవై పులులకు డబ్బు కట్టి, అవి ఇంకా దారిలో ఉండగానే మరో ఇరవై ఆర్డర్లు వచ్చిపడేసరికి, వాసిం జీవితంలో మొదటిసారి గిరాకీని చూసి భయపడ్డాడు.

మామగారు మొహిద్దీన్ బాషా గుంటూరు యార్డులో మిర్చి వ్యాపారి. బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, కాయ విరిచి చూస్తేగాని నోరు విప్పరు. "సరుకు చూపించు, అప్పిస్తా," అన్నారు. అందుకని వాసిం తన సైట్‌లోనే, భార్య పేరు మీద, ఆరు పులులు ఆర్డర్ పెట్టుకున్నాడు. ఆర్డర్ల సంఖ్య కూడా పెరిగినట్టుంటుందనుకున్నాడు. అవి త్వరగా రావడానికి అదనపు చార్జీతో సహా ఇంటద్దె డబ్బు సేటుకి వెళ్లిపోయింది.

మామగారు రెండో పెసరట్టులో ఉండగా కింద నుంచి కేక వినిపించింది. కొరియర్ సిలార్.

"నజ్మీన్ గారండీ! ఆరు పులులు! క్యాష్ ఆన్ డెలివరీ!"

"నేనేం తెప్పించలేదు, తీసుకుపో," అంది నజ్మీన్ మేడ మీద నుంచి.

వాసిం పరుగెత్తాడు. "తెప్పించావు! మర్చిపోయావు!"

"ఆరు పులుల్ని తెప్పించుకుని మర్చిపోతానా అండీ?"

"డబ్బు కట్టండి సార్," అన్నాడు సిలార్, "ఇంకా శింగరకొండ దాకా పోవాలి."

అప్పటిదాకా వాసింకి తట్టని విషయం ఇదే. సేటుకి ఒకసారి కట్టాడు సరే, కొన్నవాడిగా ఇంకోసారి కట్టాలి. జేబులు తడుముకుంటున్న అల్లుణ్ణి చూసి మొహిద్దీన్ బాషా చెయ్యి కడుక్కుని వచ్చి, నోట్లు తీసి సిలార్ చేతిలో పెట్టారు. అతను వెళ్లాక నెమ్మదిగా అడిగారు.

"ఇవి అమ్మిందెవరు?"

"నేనే మామయ్యా."

"కొన్నదెవరు?"

"అదీ నేనే."

"డబ్బిచ్చిందెవరు?"

"మీరు."

"లాభం?"

"మన ముగ్గురికీ లేదు మామయ్యా. మీ డబ్బు మాత్రం పది రోజుల్లో నాకొచ్చేస్తుంది."

మొహిద్దీన్ బాషా కత్తిపీట తెమ్మన్నారు. గాలి లాగేసి దిండులా అణిచిన సంచి కోయగానే లోపలి పులి ఉస్సురని ఊపిరి పీల్చుకుని, ఉబ్బి లేచి నిలబడింది. ఆయన దాని కడుపు నొక్కారు, తోక గుంజారు, చెవి వాసన చూశారు. అలా ఆరింటినీ లేపి మేడ అంచున వరసగా నిలబెట్టించారు.

వీధిలో పోతున్న రైతు యలమంద తల పైకెత్తి కొయ్యబారిపోయాడు. మరుక్షణం మేడెక్కి వచ్చాడు.

"ఏందయ్యా వాసిం! నాకేమో దారిలో ఉందంటావు, ఇక్కడ మందనే మేపుతున్నావు! అక్కడ కోతులు నా మొక్కజొన్నంతా ఒలిచి పారేస్తున్నాయి. నాది నాకియ్యి!"

"నీది వేరే యలమంద గారూ, అది లారీలో..."

"ఏ పులైతే ఏంది, కోతికి తెలుస్తదా?"

"కూర్చోండి," అన్నారు మొహిద్దీన్ బాషా. "వీటికి డబ్బు కట్టింది నేను. బేరం నాతో."

ఆయన బేరం విని వాసిం నివ్వెరపోయాడు. సైట్ ధర కంటే ఎక్కువే పలికింది. యలమంద పులిని భుజానేసుకుని పోతూ తోటి రైతులకు ఫోన్లు చేశాడు. వాళ్లూ లారీలో పులుల కోసం ఎదురుచూస్తున్నవాళ్లే. మధ్యాహ్నానికి మేడ మీద పులి వెంట్రుక కూడా మిగల్లేదు. "వ్యాపారం బాగుంది అల్లుడూ. నేనే అనవసరంగా అనుమానించా," అని భుజం తట్టి, నోట్ల కట్టతో మామగారు బస్సెక్కారు. అల్లుడికి అప్పు అవసరమన్న మాటే మర్చిపోయారు.

తర్వాత లారీలో పులులు వచ్చాయి గాని, చేలో పులి ఉన్నవాడు ఇంకో పులిని ఎందుకు తీసుకుంటాడు? మిగతావాళ్లు కూడా మేడ మీదకు పోతే వెంటనే దొరుకుతాయని పార్సిళ్లు వద్దనేశారు. సిలార్ వాటన్నిటినీ తెచ్చి వాసిం ఇంట్లో దించాడు. పది రోజులకు కొరియర్ కంపెనీ నుంచి మామగారి డబ్బు రానే వచ్చింది, తిరుగు చార్జీలు మినహాయించుకుని. మిగిలినదాంతో నజ్మీన్ ఉల్లిపాయలు కొంది. వంట పులుల మధ్య సాగుతోంది.

ఆ సాయంత్రం గుంటూరు నుంచి ఫోన్.

"అల్లుడూ, యార్డుకొచ్చే రైతులందరూ పులుల్నే అడుగుతున్నారు. ఎన్నుంటే అన్ని పంపు. అమ్ముడయ్యాక డబ్బిస్తా."

వాసిం నిటారుగా కూర్చున్నాడు. అచ్చం సూరత్ సేటు గొంతుతో అన్నాడు.

"ముందు డబ్బు మామయ్యా, తర్వాతే సరుకు."

నజ్మీన్ ఫోన్ లాక్కుంది. "నాన్నా, రేపు పొద్దున బస్సుకి ఈయనే తెస్తారు. ఇల్లు ఖాళీ అయితే చాలు."

తెల్లారి గుంటూరు బస్సులో వాసిం చుట్టూ ఇరవై సంచులు. చిలకలూరిపేట దాటాక కుదుపుకి ఒకటి పిగిలింది. పులి ఉస్సురని లేచి పక్క సీట్లో కూర్చుంది. కండక్టర్ దాన్ని ఎగాదిగా చూసి టికెట్ కొట్టాడు. పులి అమ్ముడయ్యాక ఇస్తానని వాసిం అంటే, అరువు మాత్రం కుదరదన్నాడు.